వంశావళి, దత్తపత్రము, దఫ్తరు: వెలుగోటివారి యింటి కాగితములపై ఒక పరిశీలనము

ఒక రాచయింటి చరిత్ర వ్రాయబూనిన పరిశోధకునికి మొదట లభించునది వంశావళి. కడపట లభించునవి, లభించిన యెడల, ఆ యింటి లెక్కలు, లేఖలు, దస్తావేజులు. మొదటిది పదిమంది యెదుట చదువుటకు వ్రాయబడినది. రెండవవి పెట్టెలో దాచుటకు వ్రాయబడినవి. తెలుగు సాహిత్య విమర్శ ఇంతవరకు మొదటిదానిని మాత్రమే తన సొత్తుగా భావించి, రెండవవానిని చరిత్రకారులకును న్యాయవాదులకును విడిచిపెట్టినది. ఈ పంపకము సరియైనది కాదు. వంశావళిని దస్తావేజువలెను, దస్తావేజును వాఙ్మయమువలెను చదివిననే తప్ప ఆ రెండింటిలో నేదియు మనకు పూర్తిగా దక్కదని చూపుట యీ వ్యాసమునకు ఉద్దేశము. ఇందుకు వెలుగోటివారి వంశమును నిదర్శనముగా గైకొంటిమి. ఏలన, ఒకే యింటినుండి బయలుదేరిన కాగితములు మూడు దారులు పట్టిన విధము ఈ వంశమునందు స్పష్టముగా కానవచ్చుచున్నది.

వెలుగోటివారు రేచర్ల గోత్రజులైన పద్మనాయకులు. మేము నివసించు నాగోలునకు ఆగ్నేయదిశయందున్న రాచకొండయు, దానికి దక్షిణముననున్న దేవరకొండయు 14వ శతాబ్దియందు ఈ గోత్రమువారి రాజధానులు. కాపయ నాయకుని భీమవరము కడ గెలిచిన అనపోతానాయకుడు, రసార్ణవసుధాకరకర్తగా ప్రసిద్ధికెక్కిన సింగభూపాలుడు ఈ కొండలమీద ఏలినవారే. రాచకొండ రాజ్యము చెడినపిదప ఈ వంశమువారు కొందరు విజయనగర రాయల కొలువున చేరి, వెలుగోడు పేర ఇంటిపేరు గలవారై, తుదకు నెల్లూరు సీమలో వెంకటగిరి జమీందారులుగా నిలిచిరి. ఈ ప్రస్థానమునంతను పద్యములలో నిలిపిన గ్రంథము వెలుగోటివారి వంశావళి. దీనిని నేలటూరి వెంకటరమణయ్యగారు పరిష్కరింపగా 1939లో మద్రాసు విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి.

వెంకటరమణయ్యగారి పరిష్కరణము తెలుగు పరిశోధనకు చేసిన మేలు సామాన్యమైనది కాదు. పద్యములలోని వీరుల పేళ్లను, యుద్ధములను శాసనములతోడను, ఇతర గ్రంథములతోడను సరిపోల్చి, ఏది నిలుచునో ఏది నిలువదో నిర్ణయించుటకు దారి చూపినవారాయన. అయితే ఆ దారిని నడచిన మాబోటివారు ఒక పొరపాటు చేసితిమి. శాసనముచే సమర్థింపబడిన పద్యమును చరిత్ర యనియు, సమర్థింపబడని పద్యమును స్తుతి యనియు రెండు కుప్పలుగా వేసితిమి. మా సిద్ధాంతవ్యాసమున ఒక అధ్యాయము పూర్తిగా ఇట్టి వేర్పాటునకే వినియోగింపబడినది. రెండవ కుప్పను గూర్చి, ఇవి ఆశ్రితుల అతిశయోక్తులు, వీనితో మనకు పనిలేదు, అను అర్థము వచ్చునట్లు వ్రాసి ముగించితిమి. ఆ వాక్యమును నేడు మేము ఉపసంహరించుకొనుచున్నాము. ఎందుచేతనో ఒక ఉదాహరణముతో వివరింతుము.

1614లో వేంకటపతిరాయలు కాలధర్మము నొందగా వారసత్వమునకై ఘోరమైన కలహము చెలరేగినది. రాయలు ఎన్నుకొనిన శ్రీరంగరాయలను గొబ్బూరి జగ్గరాయడు పరివారముతో చంపించెను. శ్రీరంగరాయల కుమారులలో నొక్కడైన రామదేవుడు బ్రతికి బయటపడెను. అతనిని నిలిపినవాడు వెలుగోటి యాచమనాయడు. 1616లో తోపూరు యుద్ధమున జగ్గరాయడు కూలెను. ఈ వృత్తాంతమునకు మూడు విధముల సాక్ష్యములు కలవు. వంశావళియందు యాచమనాయడు నాయకుడు. తంజావూరి ఆస్థానమున పుట్టిన సంస్కృత కావ్యములగు యజ్ఞనారాయణ దీక్షితుని సాహిత్యరత్నాకరమునందును, రామభద్రాంబ రఘునాథాభ్యుదయమునందును విజయలక్ష్మి వరించినది రఘునాథనాయకుని. మూడవ సాక్షి మాన్యుయెల్ బర్రాదాస్ అను పోర్చుగీసు మతగురువు. అతడు 1616 డిసెంబరులో వ్రాసిన లేఖను సూయెలు తన విజయనగర చరిత్రయందు 1900లో ఆంగ్లమున ప్రకటించెను. ఈ లేఖయందు యాచమనాయడు ఒక చాకలివాని సాయముతో బాలుని కోటనుండి తప్పించిన కథ కలదు.

ఇచ్చట సామాన్య పరిశోధకుడు చేయు పని యేమి? బర్రాదాసు పరదేశి, ఎవరి యన్నమును తినినవాడు కాడు, కావున అతని మాట ప్రమాణము. కవులు ఆశ్రితులు, కావున వారి మాట అప్రమాణము. తీర్పు ముగిసినది. కాని ఈ తీర్పువలన మనకు తెలిసినదెంత? బాలుని తప్పించినవాడెవ్వడో తెలిసినది. ఒకే విజయమును రెండు ఇండ్లవారు తమ తమ పద్దులలో జమ కట్టుకొనుటకు కారణమేమో తెలియలేదు. ఆ కాలమున విజయమనునది కీర్తి మాత్రమే కాదు. అది అమరమునకు, అనగా భూమిపై హక్కునకు, ఆధారము. రాయల సింహాసనము నిలిపినవాడు రాయల భూమిని అనుభవించుటకు అర్హుడు. కాబట్టి యుద్ధపద్యము ఇంటికి ఒక పట్టా. ఆ పట్టాను తంజావూరివారొకటి, వెలుగోటివారొకటి వ్రాయించుకొనిరి. మేము స్తుతి యని త్రోసివేసిన పద్యములు నిజమునకు హక్కుపత్రములు. వానియందలి బిరుదుల పట్టికలు, గెలిచిన శత్రువుల పేళ్లు, పొందిన స్థలముల పేళ్లు పునరుక్తములగుటకు కవి ప్రతిభాలోపము కారణము కాదు. దస్తావేజునందు ఎల్లలు తిరిగి తిరిగి చెప్పవలసి యుండును గదా.

వంశావళిని ఇట్లు చదువుట కేవలము ఊహ కాదని ఆ యింటి అనంతర చరిత్రయే చెప్పుచున్నది. 1802లో శాశ్వత పైసలా ననుసరించి కుంపిణీ ప్రభుత్వము వెంకటగిరివారికి సనదు నిచ్చెను. అంతవరకు కత్తిమీదను పద్యముమీదను నిలిచిన హక్కు ఆ దినమునుండి కాగితముమీద నిలిచినది. కాగితముమీద నిలిచిన హక్కునకు సంతానము కావలెను. సంతానము లేనియెడల దత్తత కావలెను. వెంకటగిరి రాజైన సర్వజ్ఞకుమార యాచేంద్రుని కుమారులలో మువ్వురు 19వ శతాబ్ది ఉత్తరార్ధమున మూడు వేరు వేరు ఇండ్లకు దత్తు పోయిరి. ఒకరు పిఠాపురమునకు, ఒకరు బొబ్బిలికి, ఒకరు నిజాము రాజ్యములోని జటప్రోలు సంస్థానమునకు. ఒకే తల్లిదండ్రుల బిడ్డలు మువ్వురు మూడు వంశావళులలో చేరిరి. వంశావళి రక్తమును గూర్చి పాడును. వంశమును నిలిపినది మాత్రము దత్తపత్రము. ఈ యన్నదమ్ములు మువ్వురు మనకు మూడు విధముల కాగితములను మిగిల్చిపోయిరి: ఒకరు గ్రంథము, ఒకరు వ్యాజ్యము, ఒకరు దఫ్తరు.

మొదట గ్రంథము. బొబ్బిలికి దత్తు పోయినవారు మహారాజా వేంకటశ్వేతాచలపతి రంగారావుగారు. వీరు ఆంగ్లమున బొబ్బిలి జమీందారీ చరిత్రను వ్రాసి ప్రకటించిరి. దాని 1907వ సంవత్సరపు ముద్రణము పరిశోధకులకు పరిచితమే. 1757 జనవరి 24న బుస్సీ సేనల యెదుట బొబ్బిలికోట కూలిన కథను, వంశము మరల నిలద్రొక్కుకొనిన కథను ఆ యింటివాడు చెప్పిన చెప్పు ఇందు కలదు. ఈ గ్రంథమును ఇంటివాని గ్రంథముగనే అందరును వాడుచున్నారు. కాని గ్రంథకర్త ఆ యింట పుట్టినవాడు కాడు, ఆ యింట నిలుపబడినవాడు. ఈ చిన్న విషయము గ్రంథమును చదువు రీతిని మార్చవలెను. బొబ్బిలి సంస్థాన మూలపురుషుడైన పెద్దరాయడు వెంకటగిరి వంశమునుండి వచ్చినవాడని ఆ యింటి సంప్రదాయము. ఈ సంప్రదాయము నిజమగుగాక, కాకపోవుగాక, వెంకటగిరినుండి దత్తు వచ్చిన రచయితకు దీనికంటె ప్రియమైన వాక్యము వేరొకటి యుండదు. అట్లు చెప్పినచో దత్తుడు పరాయివాడు కాడు, మూలమునకు తిరిగి వచ్చినవాడగును. మా మాట ఆ మహారాజును శంకించుటకు కాదు. చరిత్ర వ్రాయుట కూడ దత్తుడు తన యింటికి చెల్లించు ఋణమని గుర్తించినగాని ఆ గ్రంథమునందలి ఆర్తి మనకు అర్థము కాదు. పైగా, ఇండ్లకు నిప్పు పెట్టుకొని తుదిపోరు సాగించిన కోటలో తాటాకులు పదిలముగ మిగులునని ఆశింపరాదు. 1757నకు పూర్వపు కథను ఆ గ్రంథము స్మృతిమీదనే ఎక్కువగ ఆధారపడి చెప్పవలసివచ్చినదని మా యూహ. స్మృతి మిగిలినచోట దానిని ఎవ్వరు, ఎందుకొరకు భద్రపరచిరని అడుగుట విమర్శకుని ధర్మము.

రెండవది వ్యాజ్యము. పిఠాపురము రాజా గంగాధర రామారావుగారు వెంకటగిరి బాలుని దత్తు తీసికొనిన కొంతకాలమునకు వారికి 1885లో కుమారుడు కలిగెను. రాజుగారు మరణశాసనమున జమీందారీని కుమారునకు వ్రాసిరి. దత్తుడు న్యాయస్థానమున కెక్కెను. బాలునిపక్షమున కోర్టాఫ్ వార్డ్సువారు ప్రతివాదులు. 1899లో లండనులోని ప్రీవీ కౌన్సిలు, అవిభాజ్యమైన జమీందారీని మరణశాసనముచే ఇచ్చుటకు రాజునకు అధికారము కలదని తీర్మానించెను. న్యాయశాస్త్ర విద్యార్థులకు ఇది సుప్రసిద్ధమైన తీర్పు. తెలుగు విద్యార్థులకు దీనితో నేమి పని యని అడుగువారుందురు. ఆ తీర్పువలన పిఠాపురమున నిలిచిన బాలుడు సూర్యారావుగారు. మన శాఖలలో ప్రతిదినము విప్పు శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు వారి పేర వెలసినది. దాని మొదటి సంపుటము 1936లో వెలువడినది. మన బల్లమీది నిఘంటువునకు వెనుక ఒక మరణశాసనము, ఒక దత్తపత్రము, సముద్రము దాటిన ఒక తీర్పు ఉన్నవి. సాహిత్యపోషణ యనునది ప్రభువుల ఔదార్యమని ఒక్కమాటతో చెప్పి తృప్తి చెందు మన వాఙ్మయచరిత్రలు ఈ కాగితముల చెంతకు ఒక్కసారియైనను పోవలసి యున్నవి.

ఇట్టి వ్యాజ్యములు పిఠాపురమునకే పరిమితములు కావు. అమరావతి నేలిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు ఇద్దరిని దత్తు తీసికొనిరి. వారి మరణానంతరము పుట్టిన తగవు ప్రీవీ కౌన్సిలు వరకు పోగా, మొదటి దత్తుడు జీవించియుండగా రెండవ దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చెను. ఆ వ్యాజ్యమునకు న్యాయగ్రంథములలో నిలిచిన పేరు రంగమ్మ, అచ్చమ్మ అను ఇద్దరు స్త్రీల పేరు. ఈ విషయము విమర్శకునకు ముఖ్యము. వంశావళులలో స్త్రీ సాధారణముగ ఒక వీరుని తల్లిగనో భార్యగనో ఒక సమాసమున వచ్చి పోవును. ఆమె తన పేరున తన మాట చెప్పునది వ్యాజ్యమునందే. అది న్యాయవాది భాషలో, అనువాదముచే వడకట్టబడి మనకు చేరును. అయినను ఆమె కోరినదేదో, ఆమెకు కాదనిరేదో అందు తెలియును. తెలుగు రాచయిండ్ల స్త్రీల చరిత్ర వ్రాయదలచినవారు కావ్యముల నాయికా వర్ణనల నుండి కాక ఈ వాదప్రతివాదముల నుండి మొదలుపెట్టవలెను.

ఇచ్చట ఇంగ్లండు దేశపు రీతిని ఒకింత తలచుకొనుట ఉపయుక్తము. అచ్చటి ప్రభుకుటుంబముల లేఖలు అపారముగ మిగిలినవి. 15వ శతాబ్దికి చెందిన పాస్టన్ కుటుంబపు లేఖలు 1787 నుండియు అచ్చులో నున్నవి. ప్రైవేటు గృహములందలి ప్రాతలను వెదకి పట్టికలు వేయుటకు 1869లోనే అచ్చట ఒక రాజసంఘము ఏర్పడినది. ఇంటి ఆస్తి పెద్దకుమారునికే పోవుటయు, ఆ యిల్లు తరతరములు అచ్చటనే నిలుచుటయు ఇందుకు తోడ్పడినవి. కాని అచ్చట కూడ మిగులుటకు మమకార మొక్కటే కారణము కాదు. లైల్ ప్రభువు లేఖలు నేడు మనకు దక్కినవన్న, 1540లో అతనిని రాజద్రోహము మోపి నిర్బంధించినపుడు కాగితములన్నియు రాజోద్యోగులు స్వాధీనము చేసికొనుటచేతనే. అనుమానము ఆ యింటి ప్రేమలేఖలను సైతము కాపాడినది. అవి సమగ్రముగ అచ్చయినది 1981లో.

మన దేశమునందు ఈ రెండవ కారణమే ప్రధానమైనదని మా అభిప్రాయము. తాటాకును చెదలు తినును, పంపకమున పెట్టెలు చీలును, దత్తుడు వచ్చిన యింట పాతకాగితము పనికిరానిదగును. వ్యాజ్యమునకు పనికివచ్చినది మాత్రము ప్రతి తీయబడి కచేరిలో చేరును. కావున మనకు మిగిలినది ఇంటి స్మృతి కాదు, ఇంటి తగవు. దీనివలన ఒక ప్రమాదము కలదు. కచేరి కాగితములనే చదువువానికి రాచయిండ్లలో వాత్సల్యము, స్నేహము, విద్యావినోదము లేవనియు, ఉన్నది భూమిపై ఆశ యొక్కటే యనియు తోచును. అది యింటి నైజము కాదు, మిగిలిన కాగితపు నైజము. వంశావళి కీర్తిని మాత్రమే మిగిల్చినట్లు వ్యాజ్యము ద్వేషమును మాత్రమే మిగిల్చును. ఒకదానిచే రెండవదానిని ఖండించుట గాక, ఒకదాని మౌనమును రెండవదానితో పూరించుట మన పని.

మూడవది దఫ్తరు. జటప్రోలు సంస్థానమునకు దత్తు పోయిన వెంకటగిరి కుమారుడు సురభి వేంకటలక్ష్మారావు బహద్దరుగా ప్రసిద్ధుడు. కొల్లాపురము వీరి రాజధాని. సురభివారు కూడ రేచర్ల పద్మనాయకులే. బ్రిటిషు సీమలోని సోదరుల కాగితములు తెలుగు, ఆంగ్లములలో నుండగా, ఈయన యింటికిని నిజాము ప్రభుత్వమునకును నడచిన వ్యవహారము మొదట పారసీకమునను, 1884 ప్రాంతమునుండి ఉర్దూలోను నడచినది. పేష్కషు చెల్లింపు, వారసత్వమునకు ప్రభువు అనుమతి, ఎల్లల తగవు, ఇవన్నియు దఫ్తరు భాషలో చిక్కుకొనినవి. తెలంగాణ సంస్థానములపై బెంజమిన్ కోహెన్ 2007లో ప్రకటించిన గ్రంథము ఇట్టి ప్రభుత్వపు కాగితములనాధారముగా గొన్నది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానముల పండితపోషణను గూర్చి వ్యాసములు వ్రాసిన మనము ఆ కాగితములను ఎంతవరకు తాకితిమి?

హైదరాబాదు దఫ్తరులకు మరియొక విశేషము కలదు. ఆసఫ్‌జాహీ రాజ్యమున భూమిశిస్తు లెక్కలుంచు దఫ్తర్దారీ రెండు కుటుంబములకు వంశపారంపర్యపు పదవి. దఫ్తరె మాల్ మాల్‌వాలా కాయస్థులది. దఫ్తరె దీవానీ రాయరాయాన్ అను మహారాష్ట్ర బ్రాహ్మణ కుటుంబముది. రాజ్యపు లెక్క ఇంటి సొత్తు. రాజునకు తన రాబడి యెంతయో తెలియవలెనన్న ఆ యిండ్లవారిని అడుగవలసి యుండెను. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు చేసిన సంస్కరణలలో ప్రధానమైనది ఈ లెక్కలపై వారి పట్టును క్రమముగ సడలించుట. ఈ కథను కారెన్ లియొనార్డ్ 1978లో ప్రకటించిన హైదరాబాదు కాయస్థుల చరిత్రయందు విపులముగ చూడనగును. వెంకటగిరి సీమలో ఇంటి కాగితము రాజ్యపు కచేరి చేరినది; హైదరాబాదులో రాజ్యపు కాగితము ఇంట నిలిచినది. గ్రామకరణము ఇంట కవిలకట్ట యుండుట ఎరిగిన తెలుగువానికి ఇది వింత కాదు. కరణీకమే రాజధానియందు ప్రభుత్వముగ మారినది.

ఇట్టి కుటుంబముల చేతులలోనుండియు, ప్రభుత్వపు కార్యాలయములనుండియు వచ్చి చేరిన మొఘలు, ఆసఫ్‌జాహీ పత్రములు నేడు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్సునందున్నవి. వానిలోనుండి షాజహాను కాలపు పత్రములను 1950లోను, ఔరంగజేబు కాలపు పత్రములను 1958లోను యూసుఫ్ హుసేన్ ఖానుగారు ప్రకటించిరి. ఇనాయత్ జంగు అను హైదరాబాదు ప్రభువు కుటుంబమునుండి వచ్చిన లక్షకు మించిన పత్రములు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాలయము చేరినవి. వానిని చదివి జాన్ రిచర్డ్సు 1975లో గోలకొండలో మొఘలు పరిపాలనను గూర్చి గ్రంథము వ్రాసెను. ఆ గ్రంథములో కనబడు దేశముఖులు, దేశపాండ్యాలు, వర్తకులు పెక్కురు తెలుగువారు. తెలుగువారి పేళ్లు పారసీక లిపిలో వ్రాయబడి, అమెరికా పండితునిచే చదువబడి, ఆంగ్లమున మనకు తిరిగి వచ్చినవి. ఆ పేళ్ల ఇంటిపేళ్లను, ఊళ్లను, కులవృత్తులను గుర్తించుటలో తెలుగు శాఖకంటె అర్హులెవ్వరు? మాకు మాత్రము షికస్తా లిపి రాదు, మోడి రాదు. ఇది మా తరమునకు సిగ్గుచేటని ఒప్పుకొనుటకు సంకోచింపము.

ఇందుకు మా సహాధ్యాపకులు చెప్పు సమాధానము మాకు తెలియును. సాహిత్యమునకు రసము ప్రధానము. శిస్తు లెక్కలలో రసమెక్కడిది, అందురు. కవికి ముట్టిన సంభావన లెక్కలలో ఏ పద్దు క్రింద వ్రాయబడినదో చూచినగాని ఆ కవికి ఆ యింట నున్న స్థానము తెలియదని మా ప్రత్యుత్తరము. అర్చకుని పద్దునందా, వైద్యుని పద్దునందా, పండుగ ఖర్చునందా? అది సంవత్సరాశనమా, ఒకనాటి బహుమానమా? కావ్యపు అవతారిక ఈ ప్రశ్నకు కనకాభిషేకమని బదులు చెప్పును. లెక్క అంకెతో చెప్పును. రెండును నిజములే, కాని రెండవది వినకయే మొదటిదానిని వ్యాఖ్యానించుట ఒక కంటితో చదువుటయే. మరియు తెలుగు వచనపు పుట్టుకను వెదకువారికి అర్జీలు, కైఫియతులు, లెక్కల తలకట్లు కావ్యగద్యములకంటె దగ్గరి బంధువులు.

జమీందారీలు 1948 చట్టముచేతను, హైదరాబాదు జాగీర్లు 1949 ఆజ్ఞచేతను రద్దయినవి. ఆ దినమునుండి ఇంటి కాగితమునకు వ్యాజ్యప్రయోజనము కూడ క్రమముగ నశించినది. ఇంతవరకు దానిని కాపాడినది తగవు. తగవు పోయినపిదప కాపాడవలసినది విద్య. పాత యింటి అటకమీద నున్న కట్టకు నేడు కర్తలెవ్వరు? అమ్మినచో తూకమునకు పోవును, ఉంచినచో చెదలకు పోవును. మన పరిశోధక విద్యార్థులలో ఏటేట ఒక్కరైనను పారసీక లిపియో మోడియో నేర్చి, ఒక్క సంస్థానపు కాగితములకు పట్టిక తయారు చేసినయెడల, పది సంవత్సరములలో మన శాఖ చేతికి పది యిండ్ల తాళపుచెవులు వచ్చును. దానిని సిద్ధాంతవ్యాసముగ అంగీకరించుటకు మనమధ్యాపకులము ముందుగా సిద్ధపడవలెను. పట్టిక పరిశోధన కాదను అభిప్రాయము మనలో నున్నంతకాలము విద్యార్థిని నిందించి ప్రయోజనము లేదు.

నాగోలులో మెట్రో బండి యెక్కినవారికి తార్నాక ఐదవ మజిలీ. ఇంత చేరువలో నున్న దఫ్తరుఖానాకు మేము మొదటిసారి పోయినది మా సిద్ధాంతవ్యాసమునకు పట్టము వచ్చిన ఆరేండ్లకు. ఈ వ్యాసమును చదువు విద్యార్థులు అంత ఆలస్యము చేయకుందురుగాక.